సంక్షోభంలో ఉన్న మాజీ సైనికుడికి పోలీసులు ఎలా సాయపడగలరు?

ఆత్మహత్య ఆలోచనతో ఇంట్లో తలుపులు వేసుకున్న మాజీ సైనికుడి విషయంలో అమెరికా పోలీసులు ఇప్పటికంటే మెరుగ్గా ఏం చేయగలరన్నది ప్రశ్న.

1988లో మెంఫిస్ నగరంలో మొదలైన క్రైసిస్ ఇంటర్వెన్షన్ టీమ్ పద్ధతిలో, మానసిక సంక్షోభంలో ఉన్నవారితో ఎలా వ్యవహరించాలో పోలీసులకు 40 గంటల శిక్షణ ఇస్తారు. నా దృష్టిలో అందులో అన్నిటికంటే విలువైనది తొందరపడకుండా ఉండటం నేర్పడమే. సైరన్ ఆపేసి, ఒకే అధికారి నెమ్మదిగా మాట్లాడుతూ, "మీరు సైన్యంలో ఏ విభాగంలో పనిచేశారు?" అని అడిగితే, గద్దింపులకు బిగుసుకుపోయే మనిషి కూడా మాట కలపవచ్చు. ఆ అధికారి స్వయంగా మాజీ సైనికుడైతే మరీ మంచిది. అక్కడ మాజీ సైనికుల ఆత్మహత్యల్లో అత్యధికం తుపాకీతోనే జరుగుతున్నాయి కాబట్టి, ఇంట్లో ఆయుధం ఉందా అని కుటుంబాన్ని ముందే అడగాలి; అతని అంగీకారంతో దాన్ని కొంతకాలం వేరేచోట భద్రపరచాలి.

అమెరికాలో ఆత్మహత్యల నివారణ నంబరైన 988కి ఫోన్ చేసి 1 నొక్కితే మాజీ సైనికుల సహాయవాణి పలుకుతుంది. అంతేకాక, 2023 జనవరి నుంచి అర్హులైన మాజీ సైనికులకు ఆత్మహత్య ముప్పు ఉన్నప్పుడు అత్యవసర చికిత్స, వెటరన్స్ (మాజీ సైనికుల) శాఖలో ముందుగా నమోదు కాకపోయినా, ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం ఉచితంగా అందుతోంది. ఖర్చుకు భయపడి ఆసుపత్రికి రానంటున్న మనిషికి ఈ మాట గుమ్మం దగ్గరే చెప్పగలిగేలా ప్రతి గస్తీ పోలీసునూ సిద్ధం చేయాలి.