వంటశాలలోకి వస్తానన్న మేనకోడలికి

అమ్మలూ,

ఇంజనీరింగ్ వద్దని, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి చెఫ్ అవుతానని పట్టుబట్టి కూర్చున్నావట. మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. "అంతా నీ పోలికే అన్నయ్యా, నువ్వే దానికి నచ్చజెప్పు" అంది. నచ్చజెబుదామనే కాగితం ముందు పెట్టుకున్నాను గానీ చేతులు రావడం లేదు. మన ఇంట్లో ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారంటే నాకెంత గర్వంగా ఉందో మీ అమ్మకు చెప్పలేదు. రాత్రి నిద్ర పట్టలేదని కూడా చెప్పలేదు. ఆ వంటశాలలో పన్నెండు గంటలు నిలబడటం అంటే ఏమిటో మీ అమ్మకు తెలియదు, నాకు తెలుసు. ఫోన్లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. అందుకే రాస్తున్నా, దాచుకో.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటర్ అయ్యాక హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష, ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాయి. చెన్నై తరమణిలో ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ, ఐహెచ్ఎం ఉంది, మూడేళ్ల డిగ్రీ. మా వేలచ్చేరి నుంచి రెండో మూడో స్టేషన్లు. సీటు రాకపోతే ఏడుస్తూ కూర్చోకు, ఫుడ్ క్రాఫ్ట్ డిప్లొమాలు ఉన్నాయి. ప్రైవేటు కాలేజీ చూడటానికి వెళ్తే మాత్రం రిసెప్షన్లో అద్దాలు చూసి మోసపోవద్దు. ప్రాక్టికల్ కిచెన్ చూపించమను. ఒక్కో స్టవ్ దగ్గర ఎంతమంది పిల్లలు నిలబడుతున్నారో లెక్కపెట్టు. పదిమంది మూగి ఒకడు కలుపుతుంటే చూసే చోట లక్షలు కట్టొద్దు.

బయటికొచ్చాక తెల్లకోటు ఇస్తారు, కానీ ఆ కోటుతో చేసే పని టీవీలో చూపించే పని కాదు. ట్రైనీ, ఆ తర్వాత కమీ, డీసీడీపీ (డెమీ చెఫ్ డి పార్టీ), సీడీపీ (చెఫ్ డి పార్టీ, ఒక విభాగానికి పెద్ద), సూ చెఫ్, అన్నిటికన్నా పైన ఎగ్జిక్యూటివ్ చెఫ్. ఎస్కాఫియే అనే ఫ్రెంచి ఆయన వందేళ్లకు ముందే హోటల్ కిచెన్లలో కుదిర్చిన వరస ఇది, ఇవాళ్టికీ అదే నడుస్తోంది. మొదటి ఏడాదంతా నీ వంతుకి వచ్చేది బస్తా ఉల్లిపాయలు, కొత్తిమీర కట్టలు, రొయ్యల పొట్టు. చదువుకున్న పిల్లని, నాచేత ఇదేం పని అని మొహం ముడుచుకుంటే అక్కడే ఆగిపోతావు. చేతులు ఉల్లిపాయ మీద, కళ్లు పక్క స్టవ్ మీద ఉండాలి. గ్రేవీలో నూనె ఎప్పుడు తేలుతోంది, టొమాటో పచ్చివాసన ఎప్పుడు పోతోంది, ఎవరూ నీకు కూర్చోబెట్టి చెప్పరు.

సంక్రాంతికి, ఉగాదికి నెల్లూరు రావడం కుదరదని ఇప్పుడే మనసుకి చెప్పుకో. ఊరంతా పండగ చేసుకునే రోజే మనకి పని ఎక్కువ. డిసెంబర్ 31 రాత్రి సెలవు అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

ఒంటి సంగతి. నాకు అన్నిటికన్నా భయం ఇక్కడే. బూట్లు మంచివి కొనుక్కో, జారనివి, ముందు భాగం మూసి ఉండేవి. దానికి డబ్బు చూడకు. ఇంకోటి, వేడి గిన్నె పట్టుకునే గుడ్డ ఎప్పుడూ పొడిగా ఉండాలి. తడిగుడ్డతో అండా అంచు పట్టుకుంటే ఆ తడి ఆవిరై ఒక్క క్షణంలో అరచేతిలోకి దిగుతుంది. వదిలేస్తే కాళ్ల మీద పడుతుంది, వదలకపోతే చెయ్యి పోతుంది. మూత తీసేటప్పుడు అవతలి అంచు ముందు లేపు, ఆవిరి నీ మొహానికి దూరంగా పోవాలి. కత్తి జారితే పట్టుకోబోకు, కాళ్లు వెనక్కి లాక్కుని పడనివ్వు. కాలితే పసుపు, టూత్‌పేస్టు, ఐసు, ఏవీ వద్దు. కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు. చెఫ్ అరుస్తున్నా సరే, ఇరవై నిమిషాలు. చెయ్యి లేకపోతే వంటే లేదమ్మా.

ఇక ఈ ఉత్తరంలో నువ్వు రెండోసారి చదవాల్సిన భాగం ఇది.

నేను మద్రాసు వచ్చిన కొత్తలో మా హోటల్లో ఒక మాస్టరు ఉండేవాడు. పేరు రాయను, ఆయన పిల్లలు ఈ ఊళ్లోనే ఉన్నారు. గుంటూరు వైపు మనిషి. అంత పనితనం ఉన్నవాణ్ణి నేను మళ్లీ చూడలేదు. అటు తిరిగి నిలబడి కూడా పోపు వాసన పట్టి, "ఆవాలింకా చిటపటలాడలేదు, మిరపకాయలు అప్పుడే వెయ్యకురా" అనేవాడు. మూత తీయకుండా, ఉడుకు చప్పుడు విని పప్పు మెదిగిందో లేదో చెప్పడం నాకు నేర్పింది ఆయనే. చిన్నప్పుడు ఆకలితో పెరిగినవాడు. వాళ్లమ్మ ఎవరింట్లోనో గంజి అడిగి తెచ్చి పోసేదట. అందుకని ఎవరైనా మెతుకు పారేస్తే ఆయన కళ్లు ఎర్రబడేవి.

ఒక రాత్రి బ్యాంక్వెట్‌కి అనుకున్నంతమంది రాలేదు, ఊరంతా వాన. పెద్ద గంగాళంలో అన్నం సగానికి పైగా మిగిలిపోయింది. కోల్డ్ రూమ్‌లో చోటు లేదు. ఆయన అన్నం మీద బట్ట కప్పి, మూత పెట్టి, "పొద్దున పులిహోర కలిపేద్దాం" అని వెళ్లి పడుకున్నాడు. తెల్లారి మూత తీస్తే పైన చల్లగా ఉంది, గరిటె లోపలికి దించితే మధ్యలో ఇంకా గోరువెచ్చగా ఉంది. వాసన మారలేదు, జిగట లేదు. నోట్లో వేసుకుని చూసి బాగుందన్నాడు. చింతపండు గుజ్జు, ఇంగువ, వేరుశనగపప్పు, కరివేపాకు, ఆ రోజు పులిహోర నిజంగా అద్భుతంగా కుదిరింది. హోటల్లో దిగిన ఒక పెళ్లివారికి టిఫిన్‌లో పెట్టారు. రెండు మూడు గంటల్లో వాంతులు మొదలయ్యాయి. ముసలివాళ్లు, పిల్లలు, ఒకరి తర్వాత ఒకరు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, దేవుడి దయ. ఒక పసివాడికి మాత్రం సెలైన్ ఎక్కించారు. మాస్టరు ఆసుపత్రి వరండాలో నిలబడి "రుచి చూశాను కదరా, బాగానే ఉంది కదరా" అని వచ్చినవాడికల్లా చెప్పాడు. ఆ రోజే ఆయన ఉద్యోగం పోయింది. తర్వాత చిన్న చిన్న కాంట్రాక్టులు చేసుకున్నాడు గానీ, అంత పనివాడు మళ్లీ ఏ వంటశాలలోనూ తలెత్తుకుని నిలబడలేదు.

ఏం జరిగిందో నాకు తర్వాత ఎప్పుడో ట్రైనింగ్‌లో అర్థమైంది. బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు బియ్యంలోనే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే మొలకెత్తి పెరిగి విషాన్ని వదులుతాయి. మళ్లీ వేడి చేస్తే బాక్టీరియా చావొచ్చు, ఆ విషం మాత్రం పోదు. చింతపండు పులుపు కూడా రాత్రే తయారైన విషాన్ని ఏమీ చేయలేదు. దానికి వాసన లేదు, రుచి లేదు. అంత గొప్ప నాలుక అక్కడ దేనికీ పనికిరాలేదు. ఆ రాత్రి అక్కడున్న మాలో ఎవరికీ ఈ సంగతి తెలియదు, ఆయనకు చెప్పేవాడు లేడు. నీకు ఇప్పుడు తెలుసు.

అందుకని విను. మిగిలిన అన్నం, పప్పు, గ్రేవీ ఏదైనా లోతు గిన్నెలో వదలొద్దు. రెండంగుళాల మందం మించకుండా ట్రేలలో పరిచి, కింద ఐసు నీళ్లు పెట్టు. గ్రేవీ అయితే కలుపుతూ ఉండు. బ్లాస్ట్ చిల్లర్, అంటే గబగబా చల్లార్చే ఫ్రిజ్, ఉంటే ఇంకా మంచిది. 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి, అక్కడి నుంచి 5కి ఇంకో నాలుగు గంటల్లో. థర్మామీటర్ జేబులో పెన్నులా ఉండాలి. డబ్బా మీద తేదీ, టైము రాయి. ఆ లెక్క తప్పిందంటే పారెయ్. పైవాడు "ఏం కాదులే, కలిపేయ్" అంటే, "చెఫ్, ఇది రాత్రంతా బయట ఉంది" అని నలుగురూ వినేలా చెప్పు. తిడతాడు, తిట్టనీ.

అన్నం పారేయడం నీకు చేతకాదని నాకు తెలుసు. కంచంలో మెతుకు వదిలితే మీ అమ్మమ్మ ఊరుకునేది కాదు కదా. చద్దన్నం తిని పెరిగినదాన్ని, మాకేమైంది అంటావు కూడా. ఇంట్లో చద్దన్నం ఒక చిన్న గిన్నెడు. త్వరగా చల్లారుతుంది, మజ్జిగ పోసి పెడితే పులుస్తుంది. నలభై కిలోల అన్నం గంగాళం మధ్యలో తెల్లారేదాకా వేడి తగ్గదు. రెండూ ఒకటి కావు. పారేయడం ఇష్టం లేకపోతే వండేముందు లెక్క నేర్చుకో. పూర్తి భోజనానికి కిలో బియ్యం ఎనిమిది నుంచి పదిమందికి సరిపోతుంది. మూడువందల మంది అని బుకింగ్ ఉంటే ముందు నూటయాభైకే వండు. మిగతా బియ్యం కొలిచి పక్కన ఉంచి, ఎసరు కాగుతూ ఉండనివ్వు. హాలు తలుపు దగ్గర నిలబడి జనం ఎలా వస్తున్నారో చూసి వచ్చి రెండో విడత పడెయ్. మా మాస్టరు ఆ రాత్రి వాన చూసి ఇంత పని చేసి ఉంటే చాలు. ఇప్పటికీ వాన పడితే ఆయనే గుర్తొస్తాడు నాకు.

డబ్బు లెక్క కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ప్లేటు ధరలో సరుకు ఖర్చు మూడోవంతు దాటితే హోటలు నిలబడటం కష్టం. చేప కొన్న తూకం వేరు, తల, తోక, పేగులు పోయాక మిగిలే తూకం వేరు. ప్రతిసారీ తూచి రాసుకో. కోయంబేడుకి తెల్లవారుజామున వెళ్లాలి. నేను వచ్చినప్పుడు కూరగాయల మార్కెట్ జార్జిటౌన్ కొత్తవాల్ చావిడిలో ఉండేది, 1996లో కోయంబేడుకి మార్చారు. కాసిమేడు రేవులో చేప మొప్పలు ఎత్తి చూడు, ఎర్రగా, తడిగా ఉండాలి, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి. తమిళం మాట్లాడటం వెంటనే నేర్చుకో. బేరానికే కాదు, గిన్నెలు కడిగే మనిషితో కూడా నువ్వు ఆమె భాషలో మాట్లాడాలి.

ఇంకో మాట. మన వంటని తక్కువ చేసుకోకు. నేను పనిలో చేరేనాటికి పెద్ద హోటళ్లలో కాంటినెంటల్ వచ్చినవాడికే గౌరవం. 1989లో ఇక్కడ పార్క్ షెరటన్ హోటల్లో దక్షిణ్ అనే రెస్టారెంట్ మొదలై, దక్షిణాది రాష్ట్రాల ఇంటి వంటల్ని స్టార్ హోటల్ బల్ల మీద పెట్టినప్పుడు మాలాంటివాళ్లం ఎంత పొంగిపోయామో! సాస్‌లు నేర్చుకో, బ్రెడ్ నేర్చుకో, అన్నీ కావాలి. కానీ మీ అమ్మమ్మ చేపల పులుసు మీ అమ్మకు వచ్చు, దాన్ని ఈ సెలవుల్లోనే రాసిపెట్టు. "కొంచెం", "చేతికొచ్చినంత" అని కాదు. చింతపండు ఎన్ని గ్రాములు, మామిడికాయ ముక్క ఎంత మందం, ఏ మంట మీద ఎంతసేపు. మా అమ్మ పోయేలోపు నేను పచ్చళ్లు రాసుకోగలిగాను, పులుసు మీ అమ్మ చేతిలోనే ఉండిపోయింది.

ఆడపిల్లవని "బేకరీకి వెళ్లమ్మా, అక్కడ చల్లగా ఉంటుంది" అంటారు. నీకు కేకుల మీద ఇష్టముంటే వెళ్లు. లేకపోతే తందూర్ దగ్గర, హాట్ రేంజ్ దగ్గర నీ చోటు నువ్వు అడిగి తీసుకో. ఎవడైనా మాట జారినా, చెయ్యి జారినా ఓర్చుకోవద్దు. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి, చేరిన రోజే అందులో ఎవరున్నారో కనుక్కో. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా. డ్యూటీ దిగాక తాగుడు అలవాటు ఈ పనిలో చాలామందిని తినేసింది. నా పక్కన నిలబడి పనిచేసిన మంచి పనివాళ్లే పోయారు. వేళకి తిను. వందలమందికి వండి, వంటవాళ్లు ఖాళీ కడుపుతో టీలు తాగుతూ బతుకుతారు, అది నువ్వు చేశావంటే నేనొచ్చి తిడతాను.

హాస్టల్ మాట ఎత్తకు. మీ అత్తయ్య అప్పుడే వెనక గది సర్దేసింది. రాత్రి ఒంటిగంటకి డ్యూటీ దిగితే స్కూటర్ మీద నేనొస్తాను, నాకు ఇప్పటికీ ఆ వేళకే మెలకువ.

ఫీజు కట్టేముందు ఒక్కసారి వచ్చి చూడు. పరీక్షలు అవ్వగానే పినాకినీ రైలు ఎక్కు. మైలాపూర్లో నా స్నేహితుడి వంటశాలలో పది రోజులు నిలబడటానికి మాట్లాడాను, ఉదయం ఆరింటికి మొదలు. నూలు బట్టలు, పొడుగు చేతులవి నాలుగు జతలు తెచ్చుకో. గాజులు, ఉంగరం అక్కడే వదిలెయ్, గోళ్లు తీసుకో. కత్తి కొనకు, నేనిస్తాను. మీ నాన్నతో ఆదివారం నేను మాట్లాడతాను, అప్పటిదాకా ఆయనతో వాదన పెట్టుకోకు.

ఆశీస్సులతో,
మామయ్య
వేలచ్చేరి, చెన్నై