లక్షన్నర లెన్స్ కొనాలా, అద్దెకే తెచ్చుకోవాలా?

ప్రశ్న: కావలిలో పెళ్లిళ్లకు, ఓణీల ఫంక్షన్లకు ఫొటోలు తీస్తుంటాను. నా దగ్గర క్రాప్ సెన్సర్ కెమెరా (ఫొటోను పట్టే సెన్సర్ చిన్నగా ఉండే రకం), దానితో వచ్చిన 18-55 కిట్ లెన్స్, ఒక 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ ఉన్నాయి. పెద్ద పెళ్లిళ్లకు నెల్లూరు నుంచి 24-70 ఎఫ్ 2.8 లెన్స్‌ను రోజుకు 1,000 రూపాయల అద్దెకు తెచ్చుకుంటున్నాను. నిరుడు అలా 22 రోజులు తెచ్చాను. కొత్తది 1,50,000 చెబుతున్నారు. బ్యాంకులో 60,000 ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 25,000. తెలిసినవారు మొత్తం సొమ్ము రెండు రూపాయల వడ్డీకి ఇస్తామంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఈ ధరకు, ఈ వడ్డీకి కొనవద్దనే నా సలహా. అయితే అలాంటి జూమ్ లెన్స్ అవసరమే మీకు లేదని మాత్రం నేను అనను. జీలకర్ర-బెల్లం వేళ అడ్డుతెర తీయగానే వధూవరుల ముఖాలు దగ్గరగా కావాలి, ఆ వెంటనే మేనమామలతో, పురోహితులతో సహా మండపమంతా కావాలి, 50 మి.మీ. లెన్స్‌తో వెనక్కి జరుగుదామంటే బంధువులూ వీడియోవారూ చోటివ్వరు, లెన్స్ మార్చుకునేంత వ్యవధి అసలే ఉండదు. ఇక కిట్ లెన్స్‌ను 55 వద్దకు తిప్పితే ఎఫ్ 5.6కు పడిపోతుంది (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది). ఎఫ్ 2.8 దానికి నాలుగు రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది కాబట్టి, తెల్లవారుజాము ముహూర్తంలో ఐఎస్ఓ (చీకటిలో పెంచుకునే, పెంచేకొద్దీ ఫొటోను గరుకుగా చేసే అమరిక) 6400 పెట్టవలసిన చోట 1600తో పని జరుగుతుంది.

కానీ మీరు అడుగుతున్న 24-70 మి.మీ. అనేది ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాను దృష్టిలో పెట్టుకొని చేసిన కొలత. మీ క్రాప్ కెమెరా మీద, ఒకటిన్నర రెట్ల లెక్కన, అది 36-105లా పనిచేస్తుంది. ఈ అంకె పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే దృశ్యం తగ్గుతుంది. అంటే ఇరుకైన కల్యాణ మండపంలో వేదిక మీది గ్రూప్ ఫొటో కోసం మళ్లీ కిట్ లెన్సే బిగించాలి. నిరుటి పెళ్లిళ్ల ఫైళ్లు తెరిచి, ఆల్బమ్‌కు ఎంపికైన ఫొటోలు ఏ మి.మీ. కొలతలో తీసినవో చూడండి. ప్రతి ఫైలులోనూ ఆ వివరం నమోదై ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం 18-24 మధ్య ఉంటే, మీకు కావలసింది క్రాప్ కెమెరాల కోసమే వచ్చే 17-50 తరహా ఎఫ్ 2.8 లెన్స్. దాని ధర మీకు చెప్పిన దానిలో సగం లోపే ఉంటుంది.

ఇక లెక్క. లక్షన్నర లెన్స్‌ను అయిదేళ్లు వాడి సగం ధరకు అమ్ముకోగలరని అనుకుందాం (జాగ్రత్తగా వాడితేనే సుమా). తరుగు ఏడాదికి 15,000. రెండు రూపాయల వడ్డీ చెవికి చిన్నదిగా వినిపిస్తుంది గానీ, అది ఏడాదికి నూటికి 24. లక్షన్నరకు నెలకు 3,000, సంవత్సరానికి 36,000. రెండూ కలిపితే అసలు తీర్చకముందే 51,000 అవుతుంది. మీరు నిరుడు కట్టిన అద్దె 22,000. అప్పు చేసి కొన్న లెన్స్ అద్దెతో సమానం కావాలంటే ఏడాదికి 51 రోజులు పనిచేయాలి. అదే సొంత డబ్బుతో కొంటే, డిపాజిట్ మీద నూటికి ఏడు చొప్పున పోగొట్టుకునే వడ్డీ 10,500 కలుపుకొన్నా, 26 రోజులకే సరిపోతుంది. లెన్స్ అదే, డబ్బు ఎక్కడిదన్న దాన్ని బట్టి అవసరమైన రోజులు దాదాపు రెట్టింపయ్యాయి. అందువల్ల నిర్ణయం మీ లెన్స్ అభిరుచి మీద కాక అప్పు మీద ఆధారపడుతోంది.

పైగా ఆషాఢం, మూఢాలు వచ్చినప్పుడు మీ రాబడి నిలిచిపోతుంది, వడ్డీ నిలవదు. నెలకు 25,000 ఖర్చున్న ఇంటికి మూడు నెలల సొమ్ము, అంటే 75,000 చేతిలో ఉండాలి. మీ దగ్గరున్న 60,000 దానికే చాలదు. కనుక ముందు ఆ లోటు పూడ్చండి. ఈలోగా అద్దె మీ జేబులోంచి కట్టడం మానేసి, ప్యాకేజీ ధరలోనే కలిపి చెప్పండి. పెళ్లివారు మీ లెన్స్ పేరు అడగరు, కానీ పెద్ద పెళ్లికి 1,000 ఎక్కువ చెబితే సాధారణంగా వెనక్కి తగ్గరు.

తరుగుదల చూపి ఆదాయపు పన్ను తగ్గించుకోవచ్చని ఎవరైనా చెబితే, మీరు టర్నోవరు మీద శాతం చొప్పున ఆదాయం చూపే పద్ధతిలో రిటర్ను వేస్తుంటే అది విడిగా దక్కదు.

వచ్చే సీజనులో ఒక పెళ్లికి 17-50 తరహా లెన్స్‌ను అద్దెకు తెచ్చి చూడండి. పని తీరిందనిపిస్తే, 75,000 నిల్వ నిండాక పైమిగులుతో పాతదైనా సరే కొనవచ్చు. మన సముద్రతీరపు చెమ్మకు లెన్సుల లోపల ఫంగస్ పట్టడం మామూలే కాబట్టి, పాతది కొనేటప్పుడు వెనుక నుంచి టార్చి వేసి అద్దాల మధ్య సాలెగూడు లాంటి సన్నని పోగులున్నాయేమో చూడండి. ఉంటే ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోవద్దు.