సన్నీవేల్ చుట్టుపక్కల హైస్కూల్ లీగ్ గురించి, ఐదో రన్నర్ తండ్రిగా నా మాట

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌కి మారుతున్నామని, అబ్బాయి ఆగస్టులో తొమ్మిదో తరగతిలో చేరతాడని రాశారు. అక్కడి పబ్లిక్ స్కూళ్ళ లీగ్ గట్టిదేనా, ఆటల కోసం ప్రైవేటులో వేయాలా అని మీ ప్రశ్న. వేయొద్దండి. మా అమ్మాయి నాలుగేళ్ళూ ఈ లీగ్‌లోనే క్రాస్ కంట్రీ (ట్రాక్ మీద కాకుండా కొండలు, మట్టిదారుల మీద పరుగు పందెం) పరుగెత్తింది, ఆ ధైర్యంతో చెప్తున్నాను.

మా అమ్మాయి రోజుల్లో శాంటా క్లారా వ్యాలీ అథ్లెటిక్ లీగ్‌లో 14 స్కూళ్ళు ఉండేవి, అన్నీ పబ్లిక్ స్కూళ్ళే. కుపర్టినో, ఫ్రీమాంట్, హోమ్‌స్టెడ్, లిన్‌బ్రూక్, మోంటా విస్టా ఐదూ ఒకే స్కూల్ డిస్ట్రిక్టువి. పాలో ఆల్టో–గన్, మౌంటెన్ వ్యూ–లాస్ ఆల్టోస్, లాస్ గాటోస్–సారటోగా, శాంటా క్లారా–విల్‌కాక్స్ ఒక్కో డిస్ట్రిక్టుకి రెండేసి. మిల్పిటాస్ ఒక్కటే ఒంటరి. చాలా ఆటల్లో రెండు డివిజన్లుంటాయి. గట్టి జట్లు డి ఆన్జాలో ఆడతాయి, మిగతావి ఎల్ కమీనోలో. లీగ్‌లో గెలిచినవాళ్ళు సెంట్రల్ కోస్ట్ సెక్షన్ అనే ప్రాంతీయ పోటీకి, అక్కడినుంచి రాష్ట్ర పోటీకి వెళ్తారు.

ఈ స్కూళ్ళ పాత సంగతులు నాకు చెప్పింది ఒక పెద్దాయన. మనవరాలి కోసం ప్రతి మీట్‌కీ మడతకుర్చీ తెచ్చుకునేవాడు. పండ్లతోటలు కొట్టేసి ఇళ్ళు కడుతున్న కాలంలో వరసగా స్కూళ్ళు తెరిచారట. కుపర్టినో 1958లో, హోమ్‌స్టెడ్ 1962లో, లిన్‌బ్రూక్ 1965లో, మోంటా విస్టా 1969లో. తర్వాత పిల్లలు తగ్గారు. పాలో ఆల్టోలో కబర్లీ హైస్కూల్ 1979లో మూతపడింది. 1981లో సన్నీవేల్ హైస్కూల్ పోయింది. అదే ఏడాది మౌంటెన్ వ్యూ పాత హైస్కూల్ మూసేసి, ఆవాల్ట్ అనే మరో స్కూలుకి ఆ పేరు పెట్టారు. ఆయన చదివింది ఆ సన్నీవేల్‌లోనే. "నేను ఎవరి తరఫున అరవాలో తెలీదు, అందుకే అందరి తరఫునా అరుస్తాను" అనేవాడు. అంత పెద్ద ఊరికి సొంత పేరుతో పబ్లిక్ హైస్కూల్ లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక అసలు సంగతి. లీగ్ ఫైనల్స్ బెల్మాంట్‌లోని క్రిస్టల్ స్ప్రింగ్స్ కొండల మీద, 2.95 మైళ్ళు. అమ్మాయి పదకొండో తరగతి. జట్టుకి ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలు కూడతారు, తక్కువ వచ్చిన జట్టు గెలుస్తుంది. మావాళ్ళలో ఆమె ఐదోది. ముందున్న నలుగురూ ఎంత బాగా చేసినా లెక్క పూర్తయ్యేది ఈమె వచ్చాకే. నేను ఆఫీసు మీటింగ్ వదిలేసి 280 హైవే మీద వెళ్ళాను. పరుగు మొదలెట్టే తుపాకీ పేలగానే దుమ్ము లేచి పిల్లలు కనిపించలేదు. కాసేపటికి ఎదుటి కొండ మీద చీమల బారులా కనిపించారు. మా అమ్మాయి ఎక్కడో వెనక ఉంది. నా కాళ్ళు నిలవలేదు, తాడు పక్కనే అటూ ఇటూ పరుగెత్తాను. చివరి మలుపు దగ్గర చూస్తే, ముందు ఇంకో స్కూలు పిల్లలు ముగ్గురు. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది, గీత దగ్గర మూడో పిల్లని కూడా. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వాంతి చేసుకుంటుంటే, ఆ మూడో పిల్లే వచ్చి వీపు నిమిరింది. మా జట్టు రెండు పాయింట్ల తేడాతో సెక్షన్‌కి వెళ్ళింది. పెద్దాయన కుర్చీలోంచి లేచి ఇద్దరికీ చప్పట్లు కొట్టాడు.

తొమ్మిదిలో చేరినప్పుడు ఈ అమ్మాయి ఒక మైలు ఆగకుండా పరుగెత్తలేకపోయేది. మా స్కూల్లో క్రాస్ కంట్రీకి ఎవరినీ తీసెయ్యరు, రోజూ ప్రాక్టీసుకి వస్తే చాలు. నా చిన్నప్పుడు మా ఊరి హైస్కూల్లో డ్రిల్ మాస్టారు జోనల్ గేమ్స్‌కి ఒక్క కబడ్డీ జట్టుని తీసుకెళ్ళేవారు, మిగతా అందరం బడిలోనే ఉండిపోయేవాళ్ళం. నేనూ ఆ మిగతావాళ్ళలో ఒకణ్ణి.

మనవాళ్ళ మీద నాకొక కోపం ఉంది. కలిసిన ప్రతివాళ్ళూ "కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా?" అనే అడుగుతారు. పిల్ల ఎంత సంతోషంగా ఉందని ఒక్కరూ అడగలేదు. పైగా టెన్నిస్ అకాడమీలకి వేలకి వేలు పోసి, స్కూల్ జట్టు చిన్నతనమంటారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు జెరెమీ లిన్ ఆడింది ఈ లీగ్‌లోని పాలో ఆల్టో హైస్కూల్‌కే. 2006లో స్టేట్ ఫైనల్లో మేటర్ డీ అనే పెద్ద ప్రైవేటు స్కూల్‌ని 51–47తో ఓడించారు. అయినా అతనికి పెద్ద కాలేజీల నుంచి స్కాలర్‌షిప్ రాలేదు. హార్వర్డ్‌కి ఆడి, అక్కడినుంచి ఎన్‌బీఏకి వెళ్ళాడు. పబ్లిక్ స్కూళ్ళ లీగ్‌లో గట్టి ఆట ఉండదనేవాళ్ళకి ఇంతకంటే ఏం చెప్పాలి?

చదువు పాడవుతుందని టెన్షన్ పెట్టుకోకండి. జీపీఏ (మార్కుల సగటు, 4కి) కనీసం 2.0 లేకపోతే ఆడనివ్వరని రాష్ట్రమంతటికీ నియమం ఉంది, మా అమ్మాయికైతే సీజన్‌లోనే మార్కులు బాగా వచ్చేవి. ఆటల కోసం మధ్యలో స్కూలు మార్చే ఆలోచన మాత్రం వద్దు, ఇల్లు మారకుండా స్కూలు మారితే కొంతకాలం కూర్చోబెట్టే అవకాశం ఎక్కువ. క్రాస్ కంట్రీ ప్రాక్టీసు ఆగస్టులోనే మొదలవుతుంది, అంతకుముందే డాక్టర్ సంతకంతో ఫిజికల్ (ఆరోగ్య పరీక్ష) ఫారం కావాలి. జులైలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఆగస్టు వస్తే దొరకదు.