మొదటిది సిజేరియన్, రెండోది నార్మల్ అవుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం, మధురవాడ. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని మూడేళ్ల కిందట సిజేరియన్ చేశారు. ఇప్పుడు ఏడో నెల. ఈసారి నార్మల్ కావాలని నా కోరిక. కుట్లు విడిపోతాయని మా అత్తగారి భయం. అమ్మేమో పాడేరు దగ్గర పుట్టింటికి రమ్మంటోంది. ఏం చేయను?

జవాబు: మీ కోరిక సబబైనదే. ఈసారి బిడ్డ తల కిందికి తిరిగితే అప్పటి కారణం ఇప్పుడు లేనట్టే. ఇలా ప్రయత్నించిన నలుగురిలో దాదాపు ముగ్గురికి నార్మల్ అవుతుంది.

అత్తగారి భయమూ ఒట్టిది కాదు. గర్భసంచికి కింద అడ్డకోత ఒక్కటే ఉన్నవాళ్లలో, నొప్పుల సమయంలో ఆ కుట్టు చిట్లేది సుమారు 200 మందిలో ఒకరికి. అరుదే, కానీ చిట్లితే నిమిషాల మీద ఆపరేషన్ చేయాలి. అందుకే నాకు టెన్షన్ పెట్టింది అత్తగారి మాట కాదు, పాడేరు ఘాట్ రోడ్డు. నొప్పులు మొదలయ్యాక ఆ మలుపులు దిగి రావడం కుదరని పని. ఈసారికి అమ్మగారినే మధురవాడ రమ్మనండి.

ముందు పాత డిశ్చార్జ్ సమ్మరీ వెతకండి. పైన మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపలి కోత కూడా అడ్డమే అనుకోలేం. లోపల పైదాకా నిలువు కోత పడి ఉంటే నార్మల్ ఆలోచన మానుకోవాల్సిందే. కాగితం పోయుంటే ఆ ఆస్పత్రి రికార్డుల్లో అడగండి. మాయ పాత కుట్టు మీద లేదని స్కాన్‌లో చూపించుకోండి.

కేజీహెచ్, ఘోషాస్పత్రి లాంటి విశాఖ సర్కారు ఆస్పత్రులైనా, ప్రైవేటు అయినా ఒకటే అడగండి: రాత్రి రెండు గంటలకి మత్తు డాక్టరు అక్కడే ఉంటారా, ఇంటి నుంచి రావాలా? రక్తం వెంటనే దొరుకుతుందా? ఇవి అడిగితే విసుక్కునే చోట కాన్పు పెట్టుకోకండి. (ముహూర్తం గురించి అడిగేవాళ్లే గానీ, ఇవి అడిగేవాళ్లు నాకు తక్కువ కనిపిస్తారు.)

నొప్పులు వాటంతటవి వస్తేనే మేలు. మందులతో తెప్పిస్తే కుట్టుకు ముప్పు పెరుగుతుంది. మిసోప్రోస్టాల్ మాత్ర మీకు అసలు పెట్టకూడదు. నొప్పులు పడుతున్నంతసేపూ బిడ్డ గుండె చప్పుడు మానిటర్ మీద చూస్తూనే ఉండాలి.

ఇంట్లో ఉండగా రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, కదలికలు తగ్గినా, నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పొత్తికడుపు నొప్పి వదలకపోయినా 108కి ఫోన్ చేయండి. తెల్లారాక చూద్దామనుకోవద్దు. నొప్పుల మధ్యలో డాక్టరు సిజేరియన్ తప్పదంటే ఆలస్యం చేయకుండా ఒప్పుకోవాలని మీ ఆయనతో, అత్తగారితో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.