పెళ్లి స్టేజి మీద ప్లాస్టిక్ పూలు: డెకరేటర్ నుంచి డబ్బు రాబట్టవచ్చా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నా పెళ్లయి ఇరవై నెలలైంది. స్టేజి, మండపం మొత్తం ఫ్రెష్ పూలతో చేస్తానని 2,80,000 రూపాయలకు ఒప్పుకున్న డెకరేటర్ సగానికి పైగా ప్లాస్టిక్ పూలు పెట్టాడు. మగపెళ్లివారి మాటలు తలుచుకుని అమ్మ ఇప్పటికీ బాధపడుతుంది. లక్ష ఫోన్‌పేలో, మిగతాది క్యాష్‌గా ఇచ్చాం. అడిగితే 'చూద్దాం అక్కా' అంటున్నాడు. కొటేషన్‌లో 'ఫ్లవర్ డెకరేషన్' అని మాత్రమే ఉంది. మా కాపీలో 'ఫ్రెష్' అని మేమే రాసి కేసు వేద్దామని మా బావ అంటున్నాడు. డెకరేటర్ ఫ్రెష్ పూలే అని పెట్టిన వాయిస్ మెసేజ్ నా పాత ఫోన్‌లో ఉంది, ఆ ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేస్తున్నా. చీటింగ్ కేసు పెట్టొచ్చా?

జవాబు: ముందు ఆ ఫోన్ ఎవరికీ ఇవ్వకండి. మీ కేసు ఉన్నది అందులోనే.

ఎవరేమన్నారు, అమ్మగారు ఎంత ఏడ్చారు అన్నది ఫిర్యాదులో రెండు లైన్లకు మించదు. మీరు వెళ్లాల్సిన కన్స్యూమర్ కమిషన్ (వినియోగదారుల కోర్టు) అడిగేది ఒక్కటే, ఫ్రెష్ పూలు పెడతానని డెకరేటర్ ఒప్పుకున్నట్టు రుజువేంటి? 'ఫ్లవర్ డెకరేషన్' అంటే ప్లాస్టిక్‌వీ పూలే కదండీ అని అతని లాయరు కచ్చితంగా వాదిస్తాడు. దానికి జవాబు అతని గొంతులోనే ఉంటే ఇంకేం కావాలి? మెసేజ్‌లు వాటంతటవే డిలీట్ అయ్యే సెట్టింగ్ ఉంటే ఇప్పుడే ఆపండి, బ్యాకప్ తీసుకోండి, స్క్రీన్‌షాట్లతో సరిపెట్టుకోకండి. కన్స్యూమర్ కమిషన్‌లో సివిల్ కోర్టంత పట్టుగా ఎవిడెన్స్ రూల్స్ చూడరు, అయినా భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇవ్వాల్సిన ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేస్తే అవతలివాళ్లకు ఒక అభ్యంతరం తగ్గుతుంది. ఫొటోగ్రాఫర్ దగ్గర ఎడిట్ చేయని ఒరిజినల్ వీడియో అడిగి తీసుకోండి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు మీ భుజం వెనక గులాబీల కింద ఆకుపచ్చ టేపు చుట్టిన ఇనుప తీగ కనిపిస్తుందని రాశారు చూడండి, ఆ ఫ్రేము మీ కన్నీళ్లకన్నా గట్టి సాక్ష్యం.

ఇక మందలించక తప్పదు. పూలు దగ్గర్నుంచి చూడకుండానే 1,80,000 క్యాష్ చేతిలో పెట్టి చిన్న రసీదు కూడా అడగలేదంటే ఏమనాలి! పైగా మర్నాడు మీ తమ్ముడు 'సూపర్ అన్నా' అని మెసేజ్ పెట్టాడట. డెకరేటర్ దాన్ని తప్పకుండా చూపిస్తాడు, కాబట్టి మీరే ఫిర్యాదులో చెప్పేయండి, మర్యాదకు పెట్టాడని, పూలు దగ్గర్నుంచి చూసింది ఆ తర్వాతేనని. దాచి దొరికిపోతే మీ మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు. క్యాష్ సంగతికి, ఆ రోజు బ్యాంకులో డ్రా చేసిన ఎంట్రీ, ఇస్తుండగా చూసినవాళ్ల అఫిడవిట్ పనికొస్తాయి.

మీ బావగారి సలహా మాత్రం పొరపాటున కూడా వినొద్దు. మీ కాపీలో ఒక్క మాట చేర్చినా అది ఫోర్జరీ, మోసం కోసం చేసిందని తేలితే భారతీయ న్యాయ సంహిత 336 కింద ఏడేళ్ల వరకు శిక్ష. కొటేషన్ రెండో కాపీ డెకరేటర్ దగ్గర ఉంటుంది, రెండూ పక్కపక్కన పెడితే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, గెలవాల్సిన కేసులో మీరే ముద్దాయి అవుతారు. చీటింగ్ కేసు కూడా అంత సులువు కాదు, డబ్బు తీసుకునేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. ఒప్పుకున్న పని సరిగా చేయకపోవడం వేరు, అది సివిల్ వ్యవహారం అని పోలీసులు తిప్పి పంపుతారు. ఇన్‌స్టాలో ఫొటో పెట్టి దొంగ అని రాయడం కూడా వద్దు, పరువునష్టం నోటీసు మీకొస్తుంది.

టైమ్ గురించి మీరు ఒక్క ముక్క అడగలేదు, నాకు అసలు టెన్షన్ అదే. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి, అది పెళ్లి జరిగిన రోజు నుంచే లెక్క. అతను 'చూద్దాం అక్కా' అన్నంత మాత్రాన గడువు పెరగదు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించే వీలుంది గానీ, వాయిదాలు నమ్మి ఊరుకున్నామంటే ఒప్పుకుంటారని నేను చెప్పలేను. మీకు మిగిలింది నాలుగు నెలలు.

ఈ వారమే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, పదిహేను రోజులు గడువివ్వండి. ఈలోగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ పెట్టొచ్చు, ఒక్కోసారి అక్కడే తేలిపోతుంది, కానీ దాన్ని నమ్ముకుని కేసు ఆపకండి. తర్వాత జిల్లా కమిషన్. మీరుండే చోటే వేయొచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ప్రతివాదిగా షాపు బోర్డు మీది పేరొక్కటే రాస్తే రేపు డబ్బు వసూలు దగ్గర చిక్కొస్తుంది, యజమాని పేరు కూడా రాయాలి. కొటేషన్ మీద జీఎస్టీ నంబరుంటే జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అసలు పేరు వస్తుంది.

ఎంత అడగాలి? మొత్తం 2,80,000 అడిగితే లైటింగ్, కుర్చీల కవర్లు వాడుకున్నారు కదా అంటారు. మరో ఇద్దరు డెకరేటర్ల దగ్గర అదే సైజు స్టేజికి ఫ్రెష్ పూలకెంత, ప్లాస్టిక్‌కెంత అని రాతపూర్వకంగా కొటేషన్లు తీసుకోండి, ఆ తేడా అడగండి, దాని మీద మానసిక వేదనకు కొంత, ఖర్చులు. ముహూర్తం రోజు గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో రేటు పెరిగిందని అతను అంటాడు. అంటే అననివ్వండి, రేటు ముందే మాట్లాడుకున్నారు, ముహూర్తాల్లో పూలు పిరమవుతాయని ఆ వ్యాపారంలో ఉన్నవాడికి ఒకరు చెప్పాలా! మధ్యలో రాజీకి వస్తే సంతోషమే, కానీ ఈసారి డబ్బు అకౌంట్లో పడ్డాకే కాగితం మీద సంతకం పెట్టండి.