డిటాక్స్ పేరుతో పస్తులెందుకు?

ప్రశ్న: ఈ మధ్య వరుసగా విందులు, బయటి తిండి ఎక్కువై ఒళ్లంతా బరువుగా, పొట్ట ఉబ్బరంగా ఉంటోంది. మూడు రోజులు డిటాక్స్ డైట్ చేద్దామనుకుంటున్నాను. ఒకరేమో జ్యూసులు మాత్రమే తాగమంటారు, ఇంకొకరు పండ్లు తప్ప ఏదీ ముట్టుకోవద్దంటారు. అసలేం తినాలి, ఏం మానాలి? ఆఫీసుకి వెళ్తూ చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. సెలవు పెట్టి పడుకోవాల్సినంత నీరసం తెప్పించే డైటయితే అసలు మొదలుపెట్టకండి. ముందే ఒక మాట చెప్పేస్తాను, డిటాక్స్ ప్యాకెట్లు అమ్మేవాళ్లకి ఇది నచ్చదు: ఒంట్లో విషాలను కడిగేసే జ్యూసంటూ ఏదీ లేదు. ఆ పని లివరు, కిడ్నీలు రాత్రీపగలూ చేస్తూనే ఉన్నాయి. ప్రోటీన్ ఖర్చయినప్పుడు పుట్టే అమ్మోనియాని లివరు యూరియాగా మారుస్తుంది, దాన్ని కిడ్నీలు మూత్రంలోకి పంపుతాయి. ఆ కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, పనికొచ్చేదంతా మళ్లీ రక్తంలోకి లాగేసుకుని చివరికి ఒకటి రెండు లీటర్లే బయటికి వదులుతాయి. దీనికి మూడు రోజుల కీరా రసం కొత్తగా చేసే సాయమేమీ లేదు.

మరి చేసినవాళ్లంతా ఒళ్లు తేలికైందంటున్నారు కదా అంటారా? నిజమే, కానీ అది చాలావరకు మానేసినవాటి వల్ల. ఉప్పు తగ్గితే ఒంట్లో నిలిచిన నీరు దిగుతుంది, మద్యం మానితే నిద్ర సరిగ్గా పడుతుంది, రాత్రి పదింటికి తినడం ఆపితే పొద్దున గుండెల్లో మంట ఉండదు. అందుకే ఏం మానాలో ముందు చెబుతాను.

ఈ మూడు రోజులూ మద్యం పూర్తిగా బంద్. కూల్‌డ్రింకులు, స్వీట్లు, బిస్కెట్లు, చిప్స్, ఇన్‌స్టంట్ నూడుల్స్, వేపుళ్లు పక్కన పెట్టేయండి. ఉప్పు రోజు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూన్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో ప్యాకెట్ ఆహారంలో దాక్కున్న ఉప్పు కూడా లెక్కే. చక్కెర విషయంలో అందరూ పప్పులో కాలేసేది జ్యూసు దగ్గరే. పండుని పండుగా తింటే అందులోని చక్కెరతో పేచీ లేదు, కానీ పిండి రసం తీశాక అదే చక్కెరని ప్రపంచ ఆరోగ్య సంస్థ పంచదార, తేనెలతో కలిపి ఒకే గాట కట్టేస్తుంది, ఇవన్నీ కలిపి రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. ఒక పెద్ద గ్లాసు కమలా రసంలోనే 20 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. ఆ గ్లాసుకి మూడు కాయలు పడతాయి, పీచు వడకట్టిన గుడ్డలో మిగిలిపోతుంది, కడుపు నిండినట్టే ఉండదు. కాబట్టి నమలండి. పళ్లున్నది అందుకేగా!

తినేది చాలా మామూలు తిండే. కంచంలో సగం కూరగాయలు, పావు వంతు పొట్టు తీయని ధాన్యం, మిగతా పావు పప్పు, గుడ్డు, చేప, పెరుగు లాంటివి. కూరగాయలు, పండ్లు కలిపి రోజుకి కనీసం 400 గ్రాములు ఉండేలా చూసుకోండి. ప్రోటీన్ మాత్రం మానొద్దు: కిలో బరువుకి 0.8 గ్రాము లెక్కన 60 కిలోలున్న మనిషికి రోజుకి 48 గ్రాములు కావాలి, ఒక గుడ్డులో వచ్చేది ఆరు గ్రాములు. జ్యూసుల మీద బతికిన రోజున ఇందులో నాలుగో వంతు కూడా అందడం కష్టం, అందుకే సాయంత్రానికి కాళ్లు పీకుతూ, ఎవరు పలకరించినా విసుగొస్తుంది.

మీకు ఉబ్బరం ఉందన్నారు కాబట్టి ఇంకో సంగతి. డిటాక్స్ అనగానే గిన్నెడు పచ్చి క్యాబేజీ, మొలకలు ముందేసుకుంటారు, అలవాటు లేని పొట్టకి అంత పీచు ఒక్కసారిగా పడితే గ్యాసు ఇంకా పెరుగుతుంది. సొరకాయ, క్యారెట్, గుమ్మడి లాంటివి మెత్తగా ఉడికించుకుని తినండి, పచ్చివి కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. నీళ్లు దాహానికి తగ్గట్టు తాగండి, మూత్రం లేత పసుపు రంగులో ఉంటే చాలు. కడిగేద్దామని గంటలోనే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: డిటాక్స్ మొదలుపెట్టిన రెండో రోజే తల పగిలిపోయేంత నొప్పి. విషాలు బయటికి వెళ్తున్నాయనడానికి అది గుర్తు, ఓర్చుకో అంటోంది మా ఫ్రెండ్. నిజమేనా?

జవాబు: మీరు కాఫీ, టీ ఒక్కసారిగా మానేశారా? అయితే చాలావరకు అదే కారణం. రోజూ తాగేవాళ్లు మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై, ఒకటి రెండు రోజులకి బాగా ముదిరి, కొందరికి వారం పైన కూడా ఉంటుంది. దీన్ని విషాలు పోతున్న గుర్తని సర్దిచెప్పడం నాకు మాత్రం ఒళ్లు మండే విషయం, ఎందుకంటే కళ్లు తిరిగినా, గుండె దడగా ఉన్నా అదే మాట చెప్పి జనాన్ని ఇంట్లో కూర్చోబెడతారు. చక్కెర లేకుండా ఒక కప్పు కాఫీ తాగండి, ఏమీ కాదు. మానాలనుంటే రోజుకో అరకప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. కళ్లు తిరుగుతుంటే మాత్రం డైట్ ఆపి అన్నం తినండి, అయినా తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్, బీపీ ఉన్నాయి. నాతోపాటు ఆయన కూడా మూడు రోజులు జ్యూసు డైట్ చేస్తానంటున్నారు. చేయించవచ్చా?

జవాబు: వద్దమ్మా. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ తిండి తగ్గిస్తే షుగర్ 70 కంటే కిందికి పడిపోయి చెమటలు పట్టి స్పృహ తప్పొచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు వాడేవాళ్లకి ఇంకో ప్రమాదం ఉంది, పస్తుంటే షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, ప్రమాదకరంగా పేరుకోవచ్చు. బీపీకి నీరు దించే మాత్ర ఉంటే దానికి తోడు ఈ పస్తు కలిసి లేవగానే తూలిపోతారు. పైన చెప్పిన కంచం తిండి ఆయనా తినొచ్చు, ఎంత తినాలో మాత్రం డాక్టరుని అడిగాకే. ఈ జాగ్రత్త ఒక్క షుగర్ వాళ్లకే కాదు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గతంలో తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడ్డవాళ్లు జ్యూసు డైట్ల జోలికి అసలు పోవద్దు.

ప్రశ్న: మూడు రోజుల్లో రెండు కిలోలు తగ్గాను, వారంలో మళ్లీ పెరిగాను. ఎక్కడ తప్పు జరిగింది?

జవాబు: ఎక్కడా జరగలేదు. లివరులో, కండల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది, దాని ప్రతి గ్రాముతో మూడు గ్రాముల నీరు అంటుకుని ఉంటుంది. తిండి తగ్గితే ముందు ఖర్చయ్యేది అదే, నీరు దిగి కాటా ముల్లు కిందికి వెళ్తుంది, అన్నం తినగానే తిరిగొస్తుంది. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 క్యాలరీలు తగ్గాలి, రోజుకి వెయ్యి తగ్గించినా మూడు రోజులకి మూడు వేలే.

ప్రశ్న: రాత్రి తాగి పడుకుంటే పొద్దునకి పొట్ట ఖాళీ చేసే డిటాక్స్ టీ కొన్నాను. వాడొచ్చా?

జవాబు: ప్యాకెట్ వెనక సన్న అక్షరాలు చదవండి. ఇలాంటివాటిలో తరచుగా సునాముఖి ఉంటుంది, సెన్నా అని రాస్తారు. అది విరేచనాల మందు. పని చేసేది పెద్దపేగు మీద, మీరు తిన్న క్యాలరీలు అప్పటికే చిన్నపేగులో ఒంటబట్టేసి ఉంటాయి కాబట్టి పోయేది నీరు, దాంతోపాటు పొటాషియం. బొగ్గు పొడి కలిపిన డిటాక్స్ పానీయాలైతే మీరు వేసుకునే మాత్రల్ని కూడా పీల్చేసుకుని పని చేయనివ్వవు. ఇంకా తెరవకపోతే తెరవకండి. ఇప్పటికే చాలా రోజులుగా తాగుతూ, అది లేకపోతే మోషన్ రావట్లేదంటే, ఆ ప్యాకెట్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.