రససిందూరం వేలిగీతల్లో చేరితే మంచిదేనా?

తిరుపతిలో ఒక వైద్యుడు పొట్లం కట్టిచ్చిన రససిందూరం (పాదరసం, గంధకం కలిపి చేసే ఆయుర్వేద మందు) వేళ్ల మధ్య రుద్దితే గీతల్లో చేరింది, ఇక నమ్మొచ్చా అని ఒకరు అడిగారు. ఆ ఒక్కటీ చాలదు. అది రేఖాపూర్ణ పరీక్ష. పొడి ఎంత మెత్తనిదో చెబుతుంది, అంతే. పసుపు కూడా గీతల్లో చేరుతుంది కదా!

అసలు చూడాల్సింది పాదరసం గంధకంతో పూర్తిగా కలిసిందా, విడిగా మిగిలిందా అన్నది. దాన్ని తయారీలో, కజ్జలి (వేడిచేసి రససిందూరంగా మార్చడానికి ముందుండే నల్లపొడి) దశలోనే పట్టుకోవాలి. రెండూ కల్వంలో నూరగా నూరగా కాటుకలా నల్లబడతాయి. చిటికెడు తీసి, నీటిచుక్కతో రుద్ది ఎండలో చూస్తే విడి పాదరసపు మెరుపు ఒక్కటీ కనపడకూడదు. కనపడితే మళ్లీ నూరాల్సిందే. మన చిత్తూరు ఎండలో అది దాక్కోలేదు లెండి.

ల్యాబులో ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో పదార్థం ఏమిటో గుర్తించే పరీక్ష) చేస్తే రససిందూరం ఎర్రటి మెర్క్యురిక్ సల్ఫైడ్‌గా తేలాలి. స్వచ్ఛమైన సల్ఫైడ్ బరువులో దాదాపు 86 శాతం పాదరసమే. అందుకే మూలికా మందుల్లో పాదరసానికి పెట్టిన 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) పరిమితితో దీన్ని పోల్చకూడదు. సీసం, ఆర్సెనిక్ కల్తీ మాత్రం విడిగా చూడాలి.

ఇవన్నీ నెగ్గినా మందు సురక్షితమని రుజువు కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు సొంతంగా అసలు ముట్టకూడదు. లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, వైద్య పర్యవేక్షణ హెచ్చరిక లేని పొట్లమైతే వాడకుండా ఆపి, టీటీడీ ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించండి.